ముందు పళ్ళు ఆరు

దర్శి,
11-1-1988

ప్రియమైన శ్రీవారికి,

శనివారం ఉదయం పదకొండు గంటలకు నేరేడుదొరువులో బోరు పడింది. మూడంగుళాల నీళ్ళు. ఊరి మంచినీళ్ళ బావి పక్క చేలోనే వేశారు. రెండింటిదీ ఒకటే ఊట అని ఇంజనీరు గారు చెప్పారు. మార్చి 14, సోమవారం, మంత్రిగారు వచ్చి మోటారు మీట నొక్కుతారట. ఆ రోజు నుంచి తూర్పుబండ జనమంతా పైపుల్లో ఈ నీళ్ళే తాగుతారు.

మీరు వార్త రాస్తానన్నారు కాబట్టి సంగతులు వరసగా చెబుతున్నాను. తెలిసినవేగా అని దాటేయకండి.

తూర్పుబండ నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువ. అక్కడ పుట్టి పెరిగిన ప్రతి పిల్లకూ పళ్ళ మీద గోధుమరంగు గార ఉంటుంది. అది తోమకపోవడం వల్ల వచ్చింది కాదు. చిగురు లోపల పన్ను తయారయ్యేటప్పుడే దాని పింగాణీ పొర పాడవుతుంది. అది మనకు తెలిసేది మాత్రం పన్ను బయటికి వచ్చాకే. నా థీసిస్ ఆ గార తీయడం మీద. పలచటి ఆమ్లంలో మెత్తటి రాతిపొడి కలిపి పంటి మీద రుద్ది, వెంటనే కడిగేస్తాను. మార్టూరులో బండలకు పాలిష్ పెట్టినట్టు అని మీరు ఎగతాళి చేసేది దీన్నే. పెద్ద తరగతుల పిల్లలకు చేశాను. నవ్వేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకోవడం కొందరు మానేశారు. అయితే ఇంకా చిగుళ్ళలో ఉన్న పళ్ళకు ఈ వైద్యంతో ఒరిగేదేమీ లేదు. వాటికి నీళ్ళు మారాలి.

అందుకే ఈ బోరు. నేరేడుదొరువు తూర్పుబండకు మూడు మైళ్ళు. పోలిక కోసం 1986 డిసెంబరులో అక్కడి బడిపిల్లలందరినీ పరీక్షించాను. ఒక్కరికీ గార లేదు. ప్రొఫెసర్ గారు ఎంతో సంతోషించారు. అప్పుడు బావి నీళ్ళు హైదరాబాదు ల్యాబుకు పంపిస్తే సీసా దారిలోనే పగిలింది. పళ్ళే చెబుతుంటే నీళ్ళనడగడం ఎందుకని మళ్ళీ పంపలేదు. మండలాధ్యక్షుడు గారు బోరుకు ఆ ఊరు ఎంచుకోవడానికి నా పరీక్షే ఆధారం. బోరు నీళ్ళ సీసా ఇప్పుడు పంపించాం. ఇక్కడి ఇంజనీర్లు ఉప్పు చూశారు, బాగుందన్నారు. ఫ్లోరైడు ఎంతో లెక్కకట్టేది మాత్రం హైదరాబాదులోనే.

మన హైమ కూడా ఏడాది దాటి ఆ బావి నీళ్ళే తాగుతోంది కదా. పాలు పోసే యలమందయ్య సైకిలుకు ఒకవైపు పాల క్యాను, రెండోవైపు నీళ్ళ బిందె కట్టుకొస్తున్నాడు. అత్తయ్య నిన్న అతన్ని నిలదీశారు: "ఏమయ్యా, బిందెలో నీళ్ళు క్యానులోకి పోతున్నాయా? పాలు పలచన, నీళ్ళు చిక్కన!" అతను నవ్వి, "మామ్మగారూ, రెంటికీ మూతలు వేరు" అన్నాడు.

నేను గురువారం హైదరాబాదు వెళ్తున్నాను. మీరు వచ్చేసరికి ఉండను. నేరేడుదొరువుకు నేరుగా వెళ్ళండి, హెడ్మాస్టరు చెంచురామయ్య గారు అన్నీ చూపిస్తారు. తెల్లదోమ వార్తల కోసం పత్తి చేల వెంట తిరిగేటప్పుడు మందు కొట్టిన చేలోకి దిగకండి.

మీ
కామేశ్వరి


గుంటూరు,
20-1-1988

ప్రియమైన కామూ,

వార్త పదిహేడో తేదీన వచ్చింది. కత్తిరించి దీంతో పంపుతున్నాను. లోపలి పేజీలో మూడు కాలాలు, ఫొటోతో సహా. ఫొటో కింద మాట నాదే: "పిల్లల పళ్ళే సర్టిఫికెట్." మీ మండలాధ్యక్షుడు ఆఫీసుకు ఫోను చేసి మరీ మెచ్చుకున్నాడు. ఆ ముక్క మంత్రిగారి సభకు గుడ్డ మీద రాయిస్తాడట.

నేరేడుదొరువులో మర్యాదకు లోటు జరగలేదు. ఒంగోలు నుంచి వచ్చిన ఫొటోగ్రాఫరు పిల్లలు నవ్వాలన్నాడు. వాళ్ళు నవ్వరు. సరేనని అటు పోతున్న ఐసు బండిని ఆపి అందరికీ పుల్ల ఐసు కొనిపెట్టాను. నవ్వారు, ఫొటో తీశాడు. తరవాత చూద్దును కదా, ఒక్కరూ కొరకడం లేదు. నాలుక కొసతో అంటుకుని ఆగుతున్నారు. ఇద్దరు ఆడపిల్లలు ఇంటికి పరిగెత్తి గ్లాసులు తెచ్చుకుని, అది కరిగేదాకా ఎండలో పెట్టి తాగారు. "చలికాలం గదండీ" అన్నాడు చెంచురామయ్య. మన గుంటూరు పిల్లలైతే పుల్ల కూడా నమిలేవాళ్ళు. క్రమశిక్షణ గల ఊరు అనుకున్నాను.

అమ్మకు మోకాళ్ళ నూనె, హైమకు గౌను బస్సులో పంపాను. డ్రైవరు జక్రయ్య ఇస్తాడు. ఆదివారం వద్దామంటే సత్తెనపల్లిలో పత్తి రైతుల ధర్నా ఉంది.

నీ
త్యాగరాజు


దర్శి,
1-2-1988

ప్రియమైన మీకు,

మీ ఉత్తరం నేను హైదరాబాదు నుంచి వచ్చేసరికి బల్ల మీద ఉంది. ఐసు సంగతి నాలుగు సార్లు చదివాను.

ఒక్క విషయం గుర్తు చేసుకుని రాయండి. ఐసు తగలగానే వాళ్ళు ఏం చేశారు? పెదవి ముడుచుకున్నారా? గాలి పీల్చుకున్నారా? కొరకని వాళ్ళు కొందరా, అందరా?

ఎందుకడుగుతున్నానంటే తూర్పుబండలో నేను ఆమ్లం పెట్టిన పిల్లలకు కొన్నాళ్ళపాటు చల్లనివి తగిలితే పళ్ళు జివ్వుమంటాయి. పింగాణీ పొర కొంత అరుగుతుంది కనక. అందుకే ఒక్కసారే చేస్తాను, వారం రోజులు చల్లనివి, పుల్లనివి వద్దని చెబుతాను. నేరేడుదొరువు పిల్లల మీద నేను ఏ మందూ పెట్టలేదు. వాళ్ళకెందుకు జివ్వుమనాలి?

ప్రొఫెసర్ గారిని ల్యాబు సంగతి అడిగాను. యంత్రం మరమ్మతులో ఉందట. మార్చిలో పరీక్షిస్తారట. మార్చిలో ఎప్పుడో చెప్పలేదు.

పైపుల గోతులు సగం దూరం వచ్చాయి. మంత్రిగారి కోసం తూర్పుబండ ఆడవాళ్ళు అప్పుడే మంగళహారతి పాట నేర్చుకుంటున్నారు. నన్ను చూస్తే "మా పిల్లల పళ్ళు ఇంక ముత్యాలేగా డాక్టరమ్మా" అంటున్నారు. అవునని తల ఊపి వస్తున్నాను.

హైమ పాలపళ్ళు అన్నీ తెల్లగానే ఉన్నాయి. పాలపళ్ళను చూసి ఏమీ చెప్పలేమని నాకు తెలుసు. అయినా రోజుకు రెండుసార్లు పెదవి ఎత్తి చూస్తున్నాను. అత్తయ్య కోప్పడుతున్నారు. "పిల్లనేమన్నా సంతలో కొన్నావా, అస్తమానం పళ్ళు చూస్తావు?"

దీని మీద ఇప్పుడే ఏమీ రాయకండి.

మీ
కామేశ్వరి


గుంటూరు,
6-2-1988

ప్రియమైన కామూ,

అడిగినదానికి జవాబు. కొరకని వాళ్ళు కొందరు కాదు, దాదాపు అందరూ. పెదవి ముడిచారు. "స్స్" అని గాలి పీల్చారు. ఫొటోగ్రాఫరును కూడా అడిగాను. అతనూ అదే చెప్పాడు.

అయితే పుల్ల ఐసు సాక్ష్యం కాదు. దాన్ని పట్టుకుని నేను వార్తా రాయలేను, నువ్వు బోరూ ఆపలేవు. నాకు తెలిసిందల్లా ఎవరైనా ఒక మాట చెబితే, ఎలా తెలిసింది, నువ్వు చూసిందెంత, చూడనిదెంత అని అడగడం. నా పెళ్ళాం చెప్పింది కదా అని ఆ వార్తకు ఆ ప్రశ్న అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను.

1986 డిసెంబరులో నువ్వు పిల్లల నోట్లో ఏయే పళ్ళు చూశావు? అన్నీనా? నువ్వు వస్తున్నట్టు ఊళ్ళోవాళ్ళకు ముందే తెలుసా? తెలిస్తే ఎన్నాళ్ళ ముందు?

భయపడి రాయడం లేదు. తెలుసుకుంటే భయం తగ్గుతుందని రాస్తున్నాను. హైమ విషయంలో తొందరపడి అమ్మకు ఏమీ చెప్పకు.

నీ
త్యాగరాజు


గుంటూరు,
22-2-1988

ప్రియమైన కామూ,

నా ఉత్తరానికి జవాబు లేదు. జక్రయ్యతో కబురు పంపితే "డాక్టరమ్మ ఇంట్లో లేరు, ఊళ్ళ మీద ఉన్నారు" అన్నాడు. నా ప్రశ్నల వల్ల కోపం వచ్చిందా? కోపమైతే కోపమనే ఒక కార్డు రాయి. హైమ ఎలా ఉంది?

త్యాగరాజు


దర్శి,
25-2-1988

ప్రియమైన మీకు,

కోపం కాదు. మీ ప్రశ్నలకు జవాబు చేతిలో పెట్టుకుని రాద్దామనుకున్నాను.

నేను చూసినవి ఆరు పళ్ళు. పై వరస ముందు పళ్ళు ఆరు. బడి వరండాలో వెలుతురు పోయేలోపు అందరినీ చూడాలి కాబట్టి పెద్ద సర్వేల్లో అలాగే చేస్తాం. తూర్పుబండలోనూ అలాగే చూశాను. నేను వస్తున్నట్టు వాళ్ళకు తెలుసు. దీపావళికే చెంచురామయ్య గారు బళ్ళో చెప్పారు, మరుసటి నెల డాక్టరమ్మ వచ్చి పళ్ళు చూస్తుందని. ఆయన తప్పేమీ లేదు. చెప్పమన్నది నేనే.

పదిహేనో తేదీన ఎవరికీ చెప్పకుండా నేరేడుదొరువు వెళ్ళాను. బడికి కాదు, కల్లాలకు. ఆడవాళ్ళు మిరపకాయల్లో తాలు ఏరుతున్నారు. సుబ్బరావమ్మ అని ఉంది, ఆ ఊళ్ళో నలుగురూ ఆమె మాట వింటారు. ఆమె మనవరాలు పదేళ్ళది పక్కనే కూచుని ఉంది. పిల్లను నోరు పెద్దగా తెరవమన్నాను. ముందు పళ్ళు తెల్లగా ఉన్నాయి, కానీ నిగనిగ లేదు. సుద్దముక్కల్లా ఉన్నాయి. దవడ పళ్ళు చూశాను. గార. తూర్పుబండలో చూసిన గోధుమరంగు గారే.

"ఏంటమ్మా ఇది?" అన్నాను.

"ఏముందీ, పళ్ళు" అంది సుబ్బరావమ్మ, తల ఎత్తకుండా.

"ముందువి తెల్లగా, వెనకవి గారగా ఎట్టా ఉంటాయి?"

"వెనకవి ఎవరు చూస్తారమ్మా? పెళ్ళివాళ్ళు దవడలో చెయ్యి పెట్టి చూడటానికి అదేమన్నా గేదా?"

చుట్టూ ఆడవాళ్ళు నవ్వారు. నేను నవ్వకపోయేసరికి ఆగారు. అప్పుడు చెప్పింది.

నేను తూర్పుబండలో ఏదో పుల్లటి మందు, రాతిపొడి కలిపి రుద్దుతున్నానని, పళ్ళు తెల్లబడుతున్నాయని ఆ ఊరికిచ్చిన ఆడపడుచులు వచ్చి చెప్పారట. పుల్లటిదంటే నిమ్మకాయే కదా అనుకున్నారు. నిమ్మచెక్క ఇటుకపొడిలో అద్ది రుద్ది చూశారు. నెల తిరిగేసరికి ముందు పళ్ళ మీద గార పలచబడింది. నేను వెళ్ళేనాటికి పిల్లలందరినీ తయారుచేశారు. అప్పటినుంచీ మానలేదు. వారానికోసారి తలంటి పోసిన రోజున పళ్ళూ రుద్దుతున్నారు. పిల్లలు ఏడిస్తే కాళ్ళ మధ్య ఇరికించుకుని మరీ రుద్దుతున్నారు.

"నాతో ఎందుకు చెప్పలేదమ్మా?"

"నువ్వు అడిగావా? చూశావు, బాగున్నాయన్నావు, రాసుకుపోయావు. గుంటూరు యార్డులో షావుకారి ముందు బస్తా విప్పేటప్పుడు తాలు పైన పెడతామా? మంచికాయే పెడతాం. తూర్పుబండను గార ఊరని పేరు పెట్టారు, అక్కడి పిల్లల్ని చేసుకునేవాళ్ళు లేరు. నువ్వు వచ్చి పళ్ళు రాసుకుపోతానంటే మేమూ ఆ పేరు పెట్టించుకోవాలా?"

మోసం చేశామని వాళ్ళలో ఒక్కరూ అనుకోలేదు. పరీక్ష అంటే వాళ్ళకు సరుకు చూపించడమే.

సుబ్బరావమ్మ కోడలి చంకలో పది నెలల పిల్లాడున్నాడు. "ఈడికి రేపు పళ్ళొస్తే ఈడికీ రుద్దుకుంటాం, నీకెందుకు దిగులు?" అంది. అప్పుడు చెప్పాను. వాడి పెద్ద పళ్ళు ఇప్పుడే చిగురు లోపల తయారవుతున్నాయి. రెండు మూడేళ్ళపాటు వాడు తాగే నీళ్ళే వాటికి పడతాయి. ముదిరితే ఆ గార నిమ్మకాయకు పోదు, నా మందుకూ పోదు. ఇంకా ముదిరితే ఎముకలకు దిగుతుంది, నడుము వంగదు. రుద్దిన పళ్ళు కూడా అరిగిపోయి ముప్పై ఏళ్ళకు పనికిరావు. ఇవాళ్టినుంచి ఆ రుద్దడం ఆపండి, వాడికి ఈ నీళ్ళు ఆపండి అన్నాను.

ఆమె చేతిలోని తాలుకాయలు పక్కన పడేసింది. తరవాత అడిగింది: "యలమందయ్య తీసుకుపోయే బిందె మీ ఇంటికేగా? మరి నీ పిల్లో?"

నేను లేచి చెప్పులు వేసుకున్నాను.

హైమకు నీళ్ళు ఏడాది దాటి అవే. పైగా మరగబెట్టి ఇచ్చాను, క్రిములు చస్తాయని. మరిగించిన కొద్దీ నీళ్ళు తగ్గి ఫ్లోరైడు చిక్కబడుతుంది. ఆ సంగతి పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని. ఇప్పుడు సాగరు కాలువ నీళ్ళు తెప్పిస్తున్నాం. అత్తయ్య ఇందుపు గింజ అరగదీసి కలిపి ఆ బురద నీళ్ళు తేరుస్తున్నారు. ఆవిడకు అంతా చెప్పాను. బిందెలో మిగిలిన నీళ్ళు తీసుకెళ్ళి వీధిలో పారబోసి వచ్చారు.

మిగతా రోజులు రెండు ఊళ్ళూ తిరిగాను. నేరేడుదొరువులో దవడ పళ్ళు చూపించినవాళ్ళు పదిమంది కూడా లేరు. చూపించిన ప్రతివాళ్ళకూ గార ఉంది. మిగతా తల్లులు నన్ను చూడగానే తలుపులు వేసుకున్నారు. మండలాధ్యక్షుడి దగ్గరికి వెళ్ళాను. ఆయన మీ వార్త అద్దంలో బిగించి గోడకు పెట్టుకున్నాడు. "మీ ఆయనే రాశాడు గదమ్మా. మొగుడొకటి పెళ్ళామొకటి చెబితే మంత్రిగారికి నేనేం చెప్పుకోను? ల్యాబు కాయితం తీసుకురా, చూద్దాం" అన్నాడు. ల్యాబు కాయితం రాలేదు.

కల్లం నుంచి వచ్చేస్తుంటే సుబ్బరావమ్మ వెనకే వచ్చింది. "నీళ్ళ సంగతి చెప్పు, తప్పులేదు. మా ఊరి పేరు పక్కన గార అన్న మాట పేపర్లో వేయించకు. ముగ్గురు పిల్లలకు ఈ ఎండాకాలం పెళ్ళి మాటలున్నాయి" అని చెయ్యి పట్టుకుంది. వేయించనని మాటిచ్చాను.

ఆ మాట తప్పకుండా ఈ బోరు ఎలా ఆపాలో నాకు తెలియడం లేదు. మీకు తెలిస్తే చెప్పండి.

మీ
కామేశ్వరి


గుంటూరు,
3-3-1988

ప్రియమైన కామూ,

ఉత్తరం అందింది. రెండు రోజులు పట్టింది, రాయడానికి కాదు, ఎడిటరు గారిని ఒప్పించడానికి.

ఆదివారం పేపర్లో వచ్చేది ఇది. ఒక్క అక్షరం కూడా మార్చనని మాట తీసుకున్నాను:

"సవరణ. నేరేడుదొరువు బోరు నీటి గురించి జనవరి 17న మేము ప్రచురించిన వార్తలో పిల్లల పళ్ళే సర్టిఫికెట్ అన్నాం. ఆ పరీక్షలో చూసినవి ముందు పళ్ళు మాత్రమే. ముందు పళ్ళను చూసి నీరు మంచిదని చెప్పడానికి వీల్లేదు. ఆ నీటిలో ఫ్లోరైడు ఎంతో నేటికీ ఎవరూ పరీక్షించలేదు. పరీక్షకు పంపిన సీసా హైదరాబాదులో ఉంది."

ఇందులో గార అన్న మాట లేదు, నిమ్మకాయ లేదు, తల్లులు లేరు. ప్రతి ముక్కా నిజం. తప్పు నీ పరీక్షది, నా వార్తది. అది మనిద్దరమే మోస్తే సరిపోతుంది. నీ థీసిస్ గురించి ఆలోచించకుండా ఈ మాట రాయలేదు. ప్రొఫెసర్ చదువుతాడు. పోలిక ఊరు పోయాక రెండేళ్ళ పని ఏమవుతుందో నాకు తెలుసు. నీకు అక్కర్లేదనిపిస్తే శనివారం సాయంత్రంలోగా ఆఫీసుకు ట్రంకాల్ చెయ్యి, ఆపేస్తాను. చెయ్యవనుకుంటున్నాను.

పేపరు కాపీ కలెక్టరు గారికి ఒంగోలు విలేకరి చేత నేరుగా ఇప్పిస్తున్నాను. ఆయన చదివే మనిషి.

ఇంక హైమ. నేను అడగాల్సింది అడుగుతాను. దాని పళ్ళకు ఎంత హాని జరిగి ఉంటుంది? నీకు తెలిసినంతా చెప్పు. తగ్గించి చెప్పకు.

నీ
త్యాగరాజు


దర్శి,
11-3-1988

ప్రియమైన మీకు,

ట్రంకాల్ చెయ్యలేదు.

సవరణ వచ్చిన రోజే మండలాధ్యక్షుడు మన ఇంటి ముందు జీపు ఆపి, దిగకుండానే అరిచి వెళ్ళాడు. తూర్పుబండ వాళ్ళు రెండు రోజులు నన్ను పలకరించలేదు. నోటి దగ్గరికొచ్చిన నీళ్ళు లాగేశానన్నారు. ప్రొఫెసర్ గారు రెండు వాక్యాలు రాశారు. మొదటిది, థీసిస్ మళ్ళీ మొదలుపెట్టాలి. రెండోది, ల్యాబులో యంత్రం బాగైంది, మన సీసాను ముందు పరీక్షించమని చెప్పారు, ఫలితం తంతి ఇస్తారు.

నిన్న కలెక్టరు ఆఫీసు నుంచి తహసీల్దారు వచ్చారు. సభ ఆగదు. మంత్రిగారి కార్యక్రమం మార్చలేరు. కానీ తూర్పుబండ పైపు వాల్వుకు తాళం వేసి తాళంచెవి ఆయన తీసుకున్నారు. ల్యాబు తంతి మంచిదైతే వాల్వు తెరుస్తారు. కాకపోతే కాలువ నీటి పథకానికి రాస్తారు. తంతి అందేలోపు నన్ను నేరేడుదొరువు పిల్లల పళ్ళు మళ్ళీ చూడమన్నారు. ఈసారి నోట్లో ఉన్నవన్నీ.

తల్లులు పంపుతారా అన్నదే మిగిలింది. సవరణ వాళ్ళకు చెంచురామయ్య గారు చదివి వినిపించారట. ఇవాళ పొద్దున యలమందయ్య ఖాళీ బిందెతో వచ్చాడు. మనకు నీళ్ళు వద్దని తెలుసు, కబురు తెచ్చాడు. సుబ్బరావమ్మ చెప్పమన్న మాట, అతను చెప్పినట్టే రాస్తున్నాను: "మా పేరు రాయలేదు కాబట్టి వస్తాం. ముందు నా మనవరాల్ని తెస్తా. ఎంతమంది తలుపు తీస్తారో నా చేతిలో లేదు. పెళ్ళి మాటలున్న ముగ్గురి తల్లులూ ఇంకా ఒప్పుకోలేదు. రుద్దడం మాత్రం ఆపించాను. పిల్లాడికి కాలువ నీళ్ళు పోస్తున్నాం."

ఇంక మీ ప్రశ్న. తగ్గించకుండా చెబుతున్నాను. హైమ ఆ నీళ్ళు తాగింది ఏడాదిన్నర వయసు నుంచి రెండున్నర దాటేదాకా. పై ముందు పళ్ళ పింగాణీ పొర గట్టిపడేది సరిగ్గా ఆ రోజుల్లోనే. హాని జరిగి ఉండొచ్చు. ఎంతో చెప్పలేను. ఇప్పుడు చూసి చెప్పే పరీక్ష ఏదీ లేదు. చేయగలిగింది నీళ్ళు మార్చడం, అది మార్చాం. నేను పెదవి ఎత్తి చూడటం మానేశాను. అత్తయ్య మొదలుపెట్టారు.

మీరు సభకు వార్త కోసం వస్తున్నారని జక్రయ్య చెప్పాడు. సభ పదకొండు గంటలకు, బోరు దగ్గర. నేను అక్కడ ఉండను. అదే రోజు తొమ్మిది గంటలకు బడి వరండాలో కూచుంటాను, అద్దం, దీపం పెట్టుకుని. వచ్చిన పిల్లలను వచ్చిన వరసలో చూస్తాను. ల్యాబు తంతి బుధవారానికి రావాలి.

హైమ పై ముందు పళ్ళు రావలసింది దానికి ఏడో ఏట, 1992లో.

మీ
కామేశ్వరి